రజులా: బంగాళాఖాతం మీద నలభై ఏడేళ్లు

రజులా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ నడిపిన ప్రయాణికుల ఓడ. 1926లో స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో బార్‌క్లే కర్ల్ సంస్థ దాన్ని కట్టింది. అప్పటి నుంచి 1973 దాకా, యుద్ధకాలం మినహాయిస్తే, మద్రాసుకూ సింగపూరుకూ మధ్య అది తిరుగుతూనే ఉంది. దారిలో నాగపట్నం, పెనాంగ్, పోర్ట్ స్వెటెన్‌హామ్ రేవుల్లో ఆగేది. రబ్బరు తోటల కూలీలు, వ్యాపారులు, గుమాస్తాలు, పెళ్లికూతుళ్లు, సెలవుల మీద సొంత ఊళ్లకు వచ్చేవాళ్లు, బంధువుల చావుకబురు విని బయలుదేరినవాళ్లు అంతా ఆ ఓడే ఎక్కారు. రజులా విలాసానికి పేరుపడ్డ ఓడ కాదు. డెక్కు టిక్కెట్టు మాత్రమే కొనగలిగిన సామాన్యులను రెండు తరాల పాటు అటూ ఇటూ దాటించింది కాబట్టే మలయా, సింగపూరు భారతీయ కుటుంబాల్లో దాని పేరు ఇంటిమనిషి పేరులా నిలిచింది.

సముద్రంతో పాత చుట్టరికం

తెలుగువాళ్ల సముద్రయానం రజులాకు ఎన్నో శతాబ్దాల ముందే మొదలైంది. దాని చరిత్రలో ఓరుగల్లుకు పెద్ద పాత్ర ఉంది. నేటి వరంగల్ సముద్రానికి చాలా దూరం. అయినా కాకతీయుల రాజ్యానికి తీరంలో మోటుపల్లి రేవు ఉండేది. అది ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది. గణపతిదేవుడు 1244–45లో అక్కడ ఒక అభయశాసనం వేయించాడు. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును అంతకుముందు రాజులు బలవంతంగా లాక్కునేవారని, ఇకమీదట అలా జరగదని, నిర్ణయించిన సుంకం మాత్రమే వసూలు చేస్తామని ఆ శాసనం దేశదేశాల వర్తకులకు మాట ఇచ్చింది. గంధం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, దంతం, పట్టు, మిరియాలు వంటి సరుకులను పేరుపేరునా చెప్పింది. ప్రాణాలకు తెగించి సముద్రం దాటే వర్తకులకు ప్రాణం కంటే మిన్న అయిన ధనాన్ని రాజు గుంజుకోకూడదన్నది ఆ శాసనంలోని ధర్మం. రుద్రమదేవి కాలంలోనూ ఈ రేవు వర్ధిల్లింది. ఇటలీ యాత్రికుడు మార్కో పోలో దీన్ని ముత్ఫిలి అని పేర్కొని, ఈ దేశపు వజ్రాలను, సన్నని నూలు బట్టలను మెచ్చుకున్నాడు.

కాకతీయుల తర్వాత మచిలీపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కోరంగి రేవులు వెలుగులోకి వచ్చాయి. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగిలో ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. 1839 నవంబరులో వచ్చిన పెనుతుపాను ఆ రేవును ముంచేసింది. రేవు పోయినా దాని పేరు పోలేదు. బర్మాలో తెలుగువాళ్లందరినీ చాలాకాలం కోరంగీలనే పిలిచారు.

పొగ ఓడలు, రంగం దారి

తెరచాప ఓడలు గాలి అనుకూలం కోసం నెలల తరబడి ఆగాల్సి వచ్చేది. పొగ ఓడలు వచ్చాక రాకపోకలకు తేదీలు ఏర్పడ్డాయి. 1856లో విలియం మాకినన్ కలకత్తా అండ్ బర్మా స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించాడు. కలకత్తాకూ రంగూనుకూ మధ్య తపాలా మోయడం దాని మొదటి పని. 1862లో అదే బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా మారింది. కొద్ది దశాబ్దాల్లోనే తూర్పు ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా దాని ఓడలు తిరిగాయి. నల్లటి పొగగొట్టం మీద రెండు తెల్లటి పట్టీలు ఆ కంపెనీ ఓడల గుర్తు.

ఉత్తర సర్కారు జిల్లాలవాళ్లకు ఈ ఓడలు మొదట చూపిన దారి రంగూనుది. దాన్ని ఉత్తరాంధ్రలో రంగం అనేవారు. కోతలు ముగిశాక కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఓడ ఎక్కి, మేస్త్రీల వెంట వెళ్లి, ధాన్యం మిల్లుల్లో, రేవు పనుల్లో కొంతకాలం కష్టపడి, కూడబెట్టిన నాలుగు రూపాయలతో తిరిగి వచ్చేవారు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కనుక ఆ ప్రయాణానికి అనుమతుల బెడద లేదు. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య పెద్ద కొట్లాటలు జరిగి ఎందరో చనిపోయారు. ఆ తర్వాత ఆ దారి మీద మునుపటి ధీమా తగ్గింది.

ఈ రేవుల్లో చాలావాటికి ఓడ ఆనుకునే కట్ట ఉండేది కాదు. ఓడ దూరంగా లోతు నీటిలో లంగరు వేసేది. ప్రయాణికులను మసూలా పడవలు ఒడ్డు నుంచి చేరవేసేవి. ఆ పడవల పలకలను మేకులు కొట్టి బిగించేవారు కాదు, కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు పడవ అడుగు కాస్త వంగి, పగలకుండా మళ్లీ సర్దుకునేది. మేకులు కొట్టిన పడవ అదే దెబ్బకు చీలిపోయేది. మద్రాసులో కూడా కృత్రిమ ఓడరేవు కట్టే దాకా ఇదే పద్ధతి. 1876లో అక్కడ కట్టలు కట్టడం మొదలైంది. 1881 తుపాను వాటిని పాడుచేసింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ చేతుల్లో ఆ రేవు స్థిరపడింది.

ఓడ కట్టుబడి

రజులా స్థూల టన్నేజీ 8,478. పొడవు దాదాపు 460 అడుగులు, వెడల్పు 60 అడుగులకు పైచిలుకు. రెండు ఆవిరి యంత్రాలు రెండు ప్రొపెల్లర్లను తిప్పేవి. వేగం గంటకు పన్నెండు, పదమూడు నాటికల్ మైళ్లు. ఆ కాలపు అట్లాంటిక్ ఓడలతో పోలిస్తే చిన్నది, నెమ్మదైనది. పైఅంతస్తుల్లో మొదటి, రెండో తరగతుల గదులు ఉండేవి. తోటల దొరలు, అధికారులు, సంపన్న వర్తకులు వాటిలో ప్రయాణించేవారు. మిగతా ఓడంతా డెక్కు ప్రయాణికులదే. కట్టినప్పుడు దానికి ఐదు వేలకు మించిన డెక్కు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉండేది. గదులు, మంచాలు లేని తరగతి కాబట్టి అంతమందికి చోటు చూపగలిగారు.

రజులాకు జోడు ఓడ రోనా. అదీ 1926లోనే ఇంగ్లండులో తయారైంది. రెండింటినీ మద్రాసు–సింగపూరు దారి కోసమే కట్టారు. మలయాలో రబ్బరుకు మంచి ధర పలుకుతున్న రోజులవి. తోటలకు దక్షిణ భారతం నుంచి ఎంతమంది కూలీలు వచ్చినా పని ఉండేది. 1907లో మలయా ప్రభుత్వం ఏర్పాటు చేసిన వలస నిధికి తోటల యజమానులు చందా కట్టేవారు. కూలీల ఓడ ఖర్చు ఆ నిధి నుంచే వెళ్లేది. అందుకే కొత్త ఓడలకు మొదటి రోజు నుంచీ జనం కొరత రాలేదు.

రేవు దాకా

మలయాకు వెళ్లిన తెలుగువాళ్లలో ఎక్కువమంది విశాఖపట్నం, గోదావరి ప్రాంతాలవాళ్లు, చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపు వాళ్లు. తోటలో అప్పటికే పనిచేస్తున్న కంగాణీ (కూలీల మేస్త్రీ) సొంత ఊరికి వచ్చి, తెలిసినవాళ్లను, బంధువులను వెంటబెట్టుకుని తీసుకువెళ్లేవాడు. వాళ్లను మద్రాసు దగ్గరి ఆవడి శిబిరంలోనో, నాగపట్నం శిబిరంలోనో కొన్నాళ్లు ఉంచి, ఒంటిని పరీక్షించి, మశూచి టీకా వేసి ఓడ ఎక్కించేవారు.

వీళ్లంతా మద్రాసు రాష్ట్రపు జిల్లాల ప్రజలు. నైజాం రాజ్యానికి సొంత రేవే లేదు. వరంగల్ ప్రాంతంవాళ్లు సముద్రం దాటాలంటే ముందు రైలెక్కాలి. సికింద్రాబాదు నుంచి వచ్చే నైజాం రైలు మార్గం వరంగల్ మీదుగా 1889లో బెజవాడకు చేరింది. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య కూడా పట్టాలు కలిశాయి. కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయ్యాక, 1929 నుంచి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఉత్తరాది ప్రయాణికులను కూడా ఈ దారినే మద్రాసుకు చేర్చింది. ఒకప్పుడు మోటుపల్లికి బండ్ల మీద సరుకు దిగిన ఓరుగల్లుకు ఇరవయ్యో శతాబ్దంలో సముద్రద్వారం మద్రాసే అయింది.

డెక్కు మీద వారం రోజులు

మద్రాసులో ఓడ కదిలాక మొదటి మజిలీ నాగపట్నం. అక్కడ లోతైన రేవు లేదు. ఓడ సముద్రంలోనే నిలబడేది, పడవలు దాని పక్కకు చేరేవి. అలకు పడవ పైకి లేచిన క్షణం చూసుకుని ప్రయాణికులు ఓడ మెట్ల మీద కాలు పెట్టాలి. పసిపిల్లలను ఒక చేతి నుంచి మరో చేతికి అందించేవారు. జనం ఎక్కాక ఉల్లిపాయల బస్తాలు, ఇతర సరుకు ఎక్కేవి. ఆ తర్వాత ఒడ్డు కనిపించని నీళ్లే. నాగపట్నానికీ పెనాంగుకూ మధ్య ఉన్న దాదాపు పన్నెండు వందల నాటికల్ మైళ్లు దాటడానికి నాలుగైదు రోజులు పట్టేది. మద్రాసు నుంచి సింగపూరు చేరేసరికి వారం గడిచేది.

డెక్కు టిక్కెట్టుకు దొరికేది చాప పరుచుకునేంత చోటు. ముందు ఎక్కినవాళ్లు గాలి వచ్చే చోటు చూసుకుని చాప పరిచి, దాని చుట్టూ ట్రంకు పెట్టెలు, మూటలు పేర్చుకునేవారు. ఆ పెట్టెల వరసే రెండు కుటుంబాల మధ్య గోడ. ఎండకూ వానకూ అడ్డంగా పైన కాన్వాసు కట్టేవారు. అన్నం, పప్పు, కూర ఓడ వంటశాల నుంచి వచ్చేవి. ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చళ్లు, వేయించిన పిండివంటలు వాటికి తోడయ్యేవి. పక్క చాపవాళ్లతో వంటకాలు పంచుకోవడంతో మొదలైన పరిచయం ఊరి పేర్లు, తోటల పేర్లు, బంధువుల ఆరాల దాకా వెళ్లేది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. ఆ నెలల్లో ఓడ ఊగినప్పుడు వాంతులతో లేవలేని ప్రయాణికులే ఎక్కువ. కింది డెక్కుల్లో ఉక్క, నూనె వాసన, ఉల్లిపాయల వాసన కలిసి ఊపిరాడనిచ్చేవి కావు. సముద్రం నెమ్మదించిన రాత్రుల్లో మాత్రం అందరూ పైకి చేరేవారు. పాటలు, పేకాట, హరికథ ఎవరికి వచ్చిన విద్య వాళ్లు బయటికి తీసేవారు. ఊళ్లో పక్కపక్కన కూర్చోని కులాలవాళ్లు ఇక్కడ చాప పక్కన చాప వేసుకుని వారం గడిపేవారు. తెలుగు, తమిళం, మలయాళం, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఒకే కుళాయి దగ్గర వరసలో నిలబడేవారు. ఇబ్బందులెన్ని ఉన్నా ఆ వారం తీపిగుర్తుగా మిగలడానికి ఈ కలివిడే మూలం. చాలామందికి బతుకులో పని లేకుండా గడిచిన వారం కూడా అదొక్కటే.

పెనాంగు కనిపించగానే సంబరంతో పాటు బెంగ కూడా మొదలయ్యేది. డెక్కు ప్రయాణికులను ముందుగా పులావ్ జెరెజాక్ దీవిలోని క్వారంటీన్‌కు తరలించేవారు. సింగపూరులో సెయింట్ జాన్స్ దీవి అదే పనికి ఉండేది. జ్వరాలు, మశూచి లేవని తేలాకే నేల మీద అడుగు పెట్టనిచ్చేవారు. గదుల్లో వచ్చినవాళ్లకు ఈ నిర్బంధం అంతగా ఉండేది కాదు. టిక్కెట్టులోని తేడా ఒడ్డు చేరాక కూడా ప్రయాణికులను వదల్లేదు.

మలయా తెలుగువారు

ఓడ దిగిన తెలుగు కుటుంబాలు పేరాక్ రాష్ట్రంలోని బగాన్ దతో కొబ్బరి తోటలకు, ఇతర ప్రాంతాల రబ్బరు తోటలకు చేరాయి. తెల్లవారకముందే లేచి రబ్బరు చెట్టుకు గాటు పెట్టి పాలు పట్టడం, వరసగా కట్టిన లైను ఇళ్లలో కాపురం, కంగాణీ లెక్కలు. అక్కడ రోజులు అలా గడిచేవి. 1936 చివర్లో వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి భారత ప్రభుత్వం తరఫున మలయాకు వెళ్లి కూలీల స్థితిగతులను పరిశీలించారు. 1938లో భారత ప్రభుత్వం తోటలకు కూలీలను పంపే వలసను నిలిపివేసింది. దాంతో రజులా ప్రయాణికుల తీరు మారింది. కొత్త కూలీల బదులు అప్పటికే స్థిరపడ్డ కుటుంబాల రాకపోకలు పెరిగాయి.

పెళ్లిసంబంధాలకు, పుట్టువెంట్రుకలకు, ముసలి తల్లిదండ్రులను చూడడానికి మలయా నుంచి మనవాళ్లు వచ్చేవారు. తిరుగు ప్రయాణంలో కొత్త కోడలు, పప్పులు, పచ్చళ్లు, తెలుగు పుస్తకాలు, పంచాంగాలు ఓడెక్కేవి. 1955లో మలయా ఆంధ్ర సంఘం ఏర్పడింది. తెలుగు బడి, పండుగ, నాటకం తోటల్లో బతికుండడానికి అది పూనుకుంది. ఆ సంఘమే తర్వాత మలేషియా తెలుగు సంఘంగా పేరు మార్చుకుంది. భాష నిలిచిందంటే అక్కడివాళ్ల పట్టుదల ముఖ్య కారణం. సొంత ఊళ్లతో తెగిపోకుండా అటూ ఇటూ తిరిగిన ఓడ దానికి ఊతం.

యుద్ధం

1941 డిసెంబరులో జపాను సేనలు మలయాలో దిగాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. బంగాళాఖాతంలో ప్రయాణికుల ఓడలు ఆగిపోయాయి. మలయాలోని కుటుంబాలకూ ఇక్కడి బంధువులకూ మధ్య మూడున్నరేళ్ల పాటు ఉత్తరం ముక్క కూడా కరువైంది. ఆ కాలంలోనే తోటల నుంచి తమిళ, తెలుగు కూలీలను వేలాదిగా సయాం–బర్మా రైలుమార్గం పనికి తరలించారు. తిండి లేక, కలరా సోకి ఎందరో అడవిలోనే చనిపోయారు. బర్మా నుంచి ఓడలు దొరకనివాళ్లు కొండదారుల్లో నడిచి ఇల్లు చేరడానికి ప్రయత్నించి వేలల్లో దారిలోనే ప్రాణాలు విడిచారు.

రజులా, రోనా రెండూ సైనికులను మోసే పనికి వెళ్లాయి. 1943 నవంబరు 26న అల్జీరియా తీరానికి దగ్గరలో జర్మన్ విమానం వదిలిన గైడెడ్ బాంబు రోనాకు తగిలింది. 1,138 మంది చనిపోయారు. వాళ్లలో 1,015 మంది అమెరికా సైనికులు. శత్రు దాడిలో సముద్రం మీద అమెరికా సైన్యం చవిచూసిన అతి పెద్ద ప్రాణనష్టాల్లో అదొకటి. ఆ వివరాలు చాలా ఏళ్లు బయటికి పొక్కలేదు. మద్రాసు నుంచి కూలీలను మోయడానికి పుట్టిన జంటలో ఒకటి మధ్యధరా సముద్రం అడుగున మిగిలింది. రెండోది యుద్ధాన్ని దాటి పాత దారికి తిరిగి వచ్చింది.

చివరి పాతికేళ్లు

యుద్ధం ముగిశాక రజులా ఎక్కినవాళ్లలో ఏళ్ల తరబడి విడిపోయిన కుటుంబాలవాళ్లు ఎందరో. మరమ్మతుల తర్వాత డెక్కు ప్రయాణికుల సంఖ్యను బాగా తగ్గించారు. అందుకని పాత రోజుల కంటే కాస్త చోటు, గాలి దొరికేవి. భారతదేశం 1947లో, మలయా 1957లో స్వతంత్రమయ్యాయి. పాస్‌పోర్టు, వీసా తప్పనిసరి అయ్యాయి. 1950ల నుంచి మలయాలోకి వలసను చట్టాలు కట్టడి చేశాయి. ఒకప్పుడు ఊరంతా కలిసి ఎక్కిన ఓడ ఇప్పుడు కాగితాలున్నవాళ్ల ఓడ అయింది.

భారతీయ ఓడలు కూడా ఈ కాలంలోనే ముందుకు వచ్చాయి. యుద్ధానికి ముందే, 1933లో, విశాఖపట్నం కొత్త రేవులోకి మొదట ప్రవేశించింది భారతీయుల సింధియా కంపెనీ ఓడ జలదుర్గ. 1948 మార్చి 14న అదే ఊళ్లో సింధియా కట్టిన జల ఉష ఓడను జవాహర్‌లాల్ నెహ్రూ నీటిలోకి దించారు. ప్రభుత్వ రంగంలోని ఈస్టర్న్ షిప్పింగ్ కార్పొరేషన్ స్టేట్ ఆఫ్ మద్రాస్ అనే ఓడను ఇదే సింగపూరు దారిలో నడిపింది. 1961 అక్టోబరు 2న ఆ సంస్థ, వెస్టర్న్ షిప్పింగ్ కార్పొరేషన్ కలిసి షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాగా మారాయి.

బర్మా దారి మాత్రం వేరుగా ముగిసింది. 1960లలో సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేయడంతో దాదాపు మూడు లక్షల మంది భారతీయులు ఆ దేశం వదిలారు. విశాఖపట్నం చేరిన కుటుంబాల బర్మా క్యాంపు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది.

రజులాకు వయసు మీద పడింది. మద్రాసు నుంచి సింగపూరుకు కొన్ని గంటల్లో చేర్చే విమానాలు డబ్బున్నవాళ్లను తీసుకువెళ్లాయి. లేనివాళ్లు, ఎక్కువ సామానుతో తిరిగేవాళ్లు ఓడనే నమ్ముకున్నారు. 1972లో షిప్పింగ్ కార్పొరేషన్ ఒక ఫ్రెంచి ఓడను కొని చిదంబరం అని పేరు పెట్టి ఇదే దారిలో దింపింది. మరుసటి ఏడాదే బ్రిటిష్ ఇండియా కంపెనీ రజులాను కూడా ఆ సంస్థకే అమ్మేసింది. అండమాన్ దీవుల్లోని ఒక ఊరి పేరు మీద దానికి రంగత్ అని పేరు మార్చారు. కొత్త పేరుతో అది ఎంతోకాలం తిరగలేదు. 1974లో బొంబాయిలో విడగొట్టారు.

చిదంబరం మరో పదేళ్లు ఆ దారిని నిలిపింది. 1984 ఫిబ్రవరి 12న సముద్రం మధ్య ఆ ఓడలో మంటలు లేచి నలభై మంది దాకా చనిపోయారు. దాంతో మద్రాసు–సింగపూరు ప్రయాణికుల ఓడల యుగం ముగిసింది. మోటుపల్లి శాసనం రాళ్ల మీద ఉంది, చదువుకోవచ్చు. డెక్కు ప్రయాణికులు శాసనాలు రాయించుకోలేదు. వాళ్ల చరిత్ర ఆవడి, పులావ్ జెరెజాక్ దస్తావేజుల్లోనూ, పాత టిక్కెట్లు, పాస్‌పోర్టులు దాచుకున్న ఇళ్లలోనూ, తాత ఓడ దిగిన తారీఖు చెప్పగల మనవళ్ల దగ్గరా ఉంది. ఆ కుటుంబాల మాటలను ఇప్పుడే రాసుకోవాలి. రజులా ఎక్కినవాళ్లలో పసిబిడ్డలుగా ఉన్నవాళ్లు కూడా ఇప్పుడు వృద్ధులు.